హౌస్‌బోటు ఎక్కే ముందు నీటిమట్టం అడగండి



ప్రాజెక్టుల కింద మునిగిన ఊళ్ల గురించి పోయిన వారం రాసిన భాగం చదివి, యూనివర్సిటీ పిల్లలు కొందరు ఒకే ప్రశ్న పంపారు. "అక్కా, పరీక్షలయ్యాక సోమశిల నుంచి శ్రీశైలం దాకా నీళ్ల మీద పోదామనుకుంటున్నాం. వీలైతే ఒక రాత్రి హౌస్‌బోటులోనే. ఏ నెలలో పోతే నీళ్లు నిండుగా ఉంటాయి?" అడిగిన వాళ్లలో ఎక్కువమంది హాస్టల్ పిల్లలు. ఫీజుకు కాక సరదాకు డబ్బులు కూడబెట్టడం వాళ్లకు బహుశా ఇదే మొదటిసారి.

అదే రోజు ఒక కార్యకర్త తమ్ముడు ఇంకో మాట పంపాడు. "ముంపు గురించి రాసే మనం ఆ ముంపు మీదనే పిక్నిక్‌లకు పోవడమేంది అక్కా?"

ఇద్దరికీ కలిపి జవాబు చెప్తాను. పోండి. తప్పకుండా పోండి. కానీ నీటిమట్టం తెలుసుకుని పోండి. ఎందుకంటే ఆ జలాశయంలో నీరు ఎంత ఎత్తున ఉండాలో వాన ఒక్కటే తేల్చదు. ఆఫీసులు తేలుస్తాయి, జీవోలు తేలుస్తాయి, బోర్డు సమావేశాలు తేలుస్తాయి. ఆ తేల్చే చోట ఎవరు కూర్చున్నారు, ఎవరిని అసలు పిలవలేదు అన్నది తెలియకుండా ఆ నీళ్ల మీద తిరిగితే, మనం చూసింది సగమే.

ముందు సరదా సంగతి మాట్లాడుకుందాం.

మనకూ నీళ్లకూ ఉన్న చరిత్ర మీకు కొత్తగా చెప్పనక్కరలేదు. 1927 మార్చి 20న మహాడ్‌లో బాబాసాహెబ్ చవదార్ చెరువు నీళ్లు దోసిట పట్టి తాగితే అది ఒక ఉద్యమమైంది. దోసెడు నీళ్లు! 1985 జులైలో కారంచేడులో గొడవ రాజుకుంది కూడా మంచినీళ్ల చెరువు దగ్గరే. పశువుల కుడితి బకెట్ కడిగి చెరువును మైల చేయొద్దన్నందుకు మర్నాడు మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. చదువుకోని మన అమ్మమ్మలకు కూడా ఒక లెక్క బాగా తెలుసు. ఏ రేవు ఎవరిది, ఏ బావి దగ్గర ఎంత దూరం నిలబడాలి, పైనుంచి ఎవరైనా పోసేదాకా ఎంతసేపు ఎదురుచూడాలి.

నీటిని చూసి "అబ్బ, ఎంత బాగుందో" అనాలంటే ముందు ఆ నీటిని భయం లేకుండా తాకగలగాలి. మన ముందు తరాలకు ఆ తీరిక లేదు, ఆ ధైర్యానికి వాళ్లు కట్టిన వెల చాలా పెద్దది. అందుకే ఒక హాస్టల్ పిల్ల ఏ పనీ లేకుండా, ఎవరి అనుమతీ లేకుండా, లాంచీ అంచున కూర్చుని కృష్ణ నీళ్లలో కాళ్లు ఆడిస్తుంటే నాకు చిన్న విషయంలా కనిపించదు. ఉద్యమంలో ఉన్నవాళ్లు ఎప్పుడూ ధర్నా టెంటు కిందనే కనిపించాలన్న రూలు ఎక్కడా లేదు. సరదా మనకూ హక్కే.

కాబట్టి తమ్ముడూ, పిక్నిక్‌కు పోవడం తప్పు కాదు. కళ్లకు గంతలు కట్టుకుని పోవడం తప్పు.

*

ఇప్పుడు ప్లాను.

హౌస్‌బోటు అనగానే మనకు కేరళ ఆలెప్పీ గుర్తొస్తుంది, ఇటు కోనసీమలో దిండి గుర్తొస్తుంది. ఆ రెండూ సముద్రానికి దగ్గరి నీళ్లు. ఆటుపోట్లకు కాస్త పైకీ కిందికీ అవుతాయి తప్ప, ఒడ్డు దాదాపు ఉన్నచోటే ఉంటుంది. కట్టిన రేవు కట్టినట్టే పనికొస్తుంది. రాత్రికి బోటును కొబ్బరిచెట్టుకు కట్టేసి పడుకుంటే పొద్దున కూడా అది అక్కడే తేలుతూ ఉంటుంది.

శ్రీశైలం జలాశయంలో ఒడ్డుకు ఉన్నచోట ఉండే అలవాటు లేదు. ఆనకట్ట దగ్గర పూర్తిస్థాయి నీటిమట్టం 885 అడుగులు. అప్పుడు నీరు సుమారు 615 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుంటుంది. నిల్వ 215 టీఎంసీలకు కొద్దిగా ఎక్కువ. మొదట్లో ఇది 308 టీఎంసీల జలాశయం. మిగిలిన తొంభై చిల్లర టీఎంసీల చోటును పూడిక మింగేసింది. అదే నీరు 854 అడుగులకు దిగితే నిల్వ దాదాపు 89 టీఎంసీలు. 834కు దిగితే 54 దరిదాపుల్లో. కరువు ఏళ్లలో ఎండాకాలం చివరికి 800 అడుగుల చుట్టుపక్కలకు, ఇంకా కిందికి కూడా పడిపోయింది. అంటే ఒకే ఏడాదిలో ఎనిమిదంతస్తుల మేడంత తేడా. బల్లపరుపు నేల ఉన్నచోట ఒక్క అడుగు నీరు తగ్గినా ఒడ్డు చాలా దూరం వెనక్కి జరుగుతుంది. ఆగస్టులో మీరు లాంచీ ఎక్కిన చోట ఏప్రిల్‌లో మేకలు మేస్తుంటాయి.

అందుకని నెలల లెక్క ఇలా పెట్టుకోండి.

జులై ఆఖరు నుంచి సెప్టెంబరు దాకా పైనుంచి వరద వస్తుంది. ఆల్మట్టి, నారాయణపూర్ నిండితే జూరాలకు, జూరాల నుంచి శ్రీశైలానికి. ఇటు తుంగభద్ర నీళ్లు సుంకేసుల మీదుగా వచ్చి కలుస్తాయి. గేట్లెత్తిన ఫొటోలు చూసి అందరూ బయలుదేరేది అప్పుడే. చూడాలనుకుంటే డ్యాం దగ్గర రోడ్డు మీద నిలబడి చూడండి. వరద ఉధృతంగా ఉన్న రోజుల్లో బోటు ఎక్కొద్దు, ఎవరు ఎంత భరోసా ఇచ్చినా సరే.

అక్టోబరు, నవంబరు, డిసెంబరు. వరద తగ్గి నీరు నిలకడగా ఉండే కాలం. సోమశిల నుంచి శ్రీశైలం దాకా పర్యాటక సంస్థ లాంచీ నడిపేది నీరు సరిపడా ఉన్నప్పుడే. నల్లమల కొండల మధ్య వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం, ఆరేడు గంటలు. రాత్రి నీళ్ల మీదే పడుకోవాలన్న ముచ్చటను మాత్రం ఒడ్డుకు మార్చుకోండి. సోమశిలలో ఒక రాత్రి, శ్రీశైలంలో ఒక రాత్రి. నీటిమట్టం రోజురోజుకూ మారే జలాశయంలో లంగరు వేసి నిద్రపోవడం ఆలెప్పీలో పడుకున్నంత తేలిక కాదు.

సంక్రాంతి దాటాక నీరు దిగడం మొదలవుతుంది. రేవు ముందు బురద తేలుతుంది. పైకి కనిపించని రాళ్లు, మొండి చెట్లు, పాత గోడలు బోటు అడుగుకు దగ్గరవుతాయి. అప్పుడు దారి తెలిసింది స్థానిక జాలరికే. మ్యాపులో ఉండేది నిండు జలాశయం బొమ్మ. అడుగున ఏముందో అతని తెడ్డుకు తెలుసు.

బయలుదేరే ముందురోజు పేపర్లో మూడు అంకెలు చూడండి: నీటిమట్టం, ఇన్‌ఫ్లో, ఔట్‌ఫ్లో. ఇన్‌ఫ్లో లక్షల క్యూసెక్కుల్లో ఉంటే ప్రయాణం మానుకోండి.

*

ఆ మూడు అంకెల వెనక ఎవరున్నారో కూడా చూద్దాం.

ఎడమగట్టు కరెంటు కేంద్రం 900 మెగావాట్లది, తెలంగాణ చేతిలో ఉంది. కుడిగట్టుది 770 మెగావాట్లు, ఆంధ్రప్రదేశ్ చేతిలో. రెండువైపులా టర్బైన్లు తిరిగితే నీళ్లు సాగర్‌కు దిగిపోతాయి. పోతిరెడ్డిపాడు నుంచి రాయలసీమకు, తెలుగుగంగ మీదుగా చెన్నైకి పోవాలి. మల్యాల నుంచి హంద్రీ-నీవాకు ఎత్తిపోయాలి. ఇటు ఎల్లూరు దగ్గర కల్వకుర్తి ఎత్తిపోతల, నార్లాపూర్ నుంచి పాలమూరు-రంగారెడ్డి. 1996లో జీవో 69 వచ్చి కనీస మట్టం 834 అడుగులంది. 2004లో జీవో 107 వచ్చి 854 ఉండాలంది. 2014లో రాష్ట్రం రెండయ్యాక కృష్ణా బోర్డు వచ్చింది, ఆ తగాదా బోర్డు బల్ల మీదికి చేరింది.

854 దగ్గర నీరు నిలిస్తేనే మా కాలువకు ఎక్కుతుందని రాయలసీమ రైతు అంటాడు. నిజమే, వాళ్ల కరువు చిన్నదా? మా గడప ముందు పారే కృష్ణ మా చేనుకు ఎందుకు రాదని పాలమూరు కూలీ అడుగుతాడు. బొంబాయికి, దుబాయికి వలసపోయిన జిల్లా అది, వాళ్ల ప్రశ్నా నిజమే. ఈ తగాదాలో నేను ఒక రాష్ట్రం జెండా పట్టుకోను. నేను అడిగేది ఇంకొకటి. కరెంటు ఇంజినీరు మాట వింటారు, ఆయకట్టు రైతు మాట వింటారు, ఎమ్మెల్యే మాట వింటారు. ఆ నీళ్ల అడుగున ఇల్లు, వాకిలి, బొందలగడ్డ పోగొట్టుకున్నవాళ్ల మాట ఏ సమావేశంలో విన్నారు? నీటిమట్టం ఎంత ఉండాలన్న చర్చలో వాళ్లకు ఒక్క కుర్చీ ఎప్పుడైనా వేశారా?

*

1963లో నెహ్రూ శంకుస్థాపన చేశాడు. ఇరవై ఏళ్లకు దగ్గరగా కట్టారు. అటు కర్నూలు, ఇటు మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా ఊళ్లు, లక్ష మందికి పైగా జనం, దాదాపు లక్ష ఎకరాలు. 1981 వేసవిలో పోలీసులు, బుల్‌డోజర్లు వచ్చి మిగిలిన ఇళ్లు కూల్చాయి. ఆనాటి హక్కుల సంఘాల రాతల్లో దానికి "ఆపరేషన్ డిమాలిషన్" అన్న పేరు మిగిలింది. వానలు పడి నీళ్లు వచ్చేలోగా ఊరు ఖాళీ కావాలి, అంతే.

పరిహారం ఇచ్చారు కదా అంటారు. ఏ చట్టం కింద ఇచ్చారు? 1894 నాటి తెల్లదొరల భూసేకరణ చట్టం కింద. ఆ చట్టానికి భూమి కనబడుతుంది, పట్టా కనబడుతుంది. మనిషి కనబడడు. పట్టాదారుకు ఎంతో కొంత వచ్చింది, అది కూడా చాలక వాళ్లు కోర్టుల చుట్టూ తిరిగారు. మరి ఆ చేలో తరతరాలుగా నాట్లేసి కోతలు కోసిన మాలమాదిగలకు? జీతగాడికి? కౌలుకు చేసినవాడికి? చెప్పులు కుట్టి కల్లం దగ్గర గింజలు తెచ్చుకున్నవాడికి? డప్పు కొట్టినవాడికి? ఊరు మునిగితే భూస్వామికి పొలం పోయింది. కూలివాడికి పని, తిండి, అప్పు పుట్టే చోటు, ఆపదకు తలుపు తట్టే గడప అన్నీ ఒకేసారి పోయాయి. పోయినవాటిలో ఒక్కటి కూడా ఆ చట్టం కాగితం మీద రాసుకోలేదు. వాళ్లకు దక్కింది గుడిసె లెక్క మాత్రమే. భూమిలేని కూలీ కూడా బాధితుడే అని మన చట్టం ఒప్పుకోవడానికి 2013 దాకా పట్టింది. అప్పటికి శ్రీశైలం నీళ్ల కింద ముప్పై ఏళ్లు గడిచాయి.

1986లో జీవో 98 వచ్చింది. నిర్వాసిత కుటుంబంలో ఒకరికి ప్రాజెక్టులో ఉద్యోగమని. ఆ కాగితం పట్టుకుని తిరిగినవాళ్లలో కొందరికి లష్కర్ కొలువులు దొరికాయి. చాలామందికి వయసు దాటిపోయింది. తండ్రి పెట్టిన దరఖాస్తును కొడుకు మోశాడు, ఇప్పుడు మనవడు మోస్తున్నాడు.

అదే కాలంలో అదే ప్రభుత్వం ఇంకో పని చాలా శ్రద్ధగా చేసింది. ముంపులో ఉన్న గుడుల్ని విప్పింది. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విడదీసి, తీసుకెళ్లి అలంపురంలో మళ్లీ నిలబెట్టింది. పాపనాశి గుడుల్నీ కదిలించింది. అలంపురం నవబ్రహ్మ ఆలయాల దాకా నీరు రాకుండా గోడ కట్టింది. మంచి పనే, నేను కాదనను. చాళుక్యుల కాలం నాటి ఆ రాళ్లు చెక్కింది కూడా కూలి చేతులే కదా. నాగార్జునసాగర్ కట్టేటప్పుడు నాగార్జునకొండ లోయలో ఆరేళ్లు తవ్వి, బౌద్ధ శిల్పాల్ని కొండమీది మ్యూజియానికి ఎక్కించారు. బుద్ధుడి జాడ దక్కినందుకు మనం సంతోషిస్తాం. కాబట్టి నా గొడవ రాళ్లతో కాదు.

ఒక నిర్వాసిత కాలనీలో ఎనభై దాటిన పెద్దమ్మ ఒకామె నాతో అన్న మాట చెప్తాను. "గుడికి నెంబర్లేసిండ్రు బిడ్డా. రాయి రాయికి సున్నంతోని నెంబరు. ఏ రాయి ఏడ వెట్టాల్నో రాసుకున్నరు. మమ్ముల్ని ఏడ వెట్టాల్నో ఎవరు రాసుకోలే."

ఈ ఒక్క మాట ముందు ఏ నివేదికైనా చిన్నదే. ఊళ్లో పక్కపక్కన బతికిన మన వాడ జనం మూడు నాలుగు చోట్లకు చెదిరిపోయారు. నేను తిరిగిన కొత్త కాలనీల్లో మారనిది ఒకటే కనిపించింది. ఊరు కొత్తది, వాడ మాత్రం మళ్లీ చివరనే.

*

ఇక ఎండాకాలం సంగతి. పిల్లలు అడగనిది, నేను అడక్కుండానే చెప్తున్నది ఇదే.

నీరు బాగా దిగాక సంగమేశ్వరం గుడి బయటపడుతుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్లలో ఉండే గుడి. వేపమొద్దు లింగం. శిఖరం కనబడగానే టీవీలు వస్తాయి, డ్రోన్లు ఎగురుతాయి, "జలగర్భం నుంచి బయటికొచ్చిన దేవుడు" అని శీర్షికలు పెడతారు. భక్తులు బోట్లలో బారులు తీరుతారు.

అదే నీరు దిగినప్పుడు ఊళ్లు కూడా బయటపడతాయి. పునాదులు, బావి గట్లు, రోలు, విరిగిన తిరగలి రాయి. నిర్వాసిత కుటుంబాల పెద్దవాళ్లు కొందరు పోయి చూసొస్తారు. ఇది మా ఇల్లు, ఇది పెద్దింటోళ్ల వాకిలి, ఇగో ఇక్కడ నుంచే మన వాడ మొదలు అని మనవళ్లకు చూపిస్తారు. ఆ బురద ఆరగానే కొందరు విత్తనాలు కూడా వేస్తారు. ఒకప్పుడు తమ ఊరి పొలం, ఇప్పుడు సర్కారు నీళ్ల అడుగు. పంట చేతికి రావాలంటే పైనుంచి వరద ఆలస్యంగా రావాలని కోరుకోవాలి. ముందే వస్తే ఏ పరిహారమూ లేదు, ఎందుకంటే కాగితం మీద అక్కడ పొలమే లేదు. ఈ సేద్యం కోసం డ్రోన్లు ఎగరవు.

అందుకే అంటున్నాను. నిండు నీళ్లు చూడటానికి ఒకసారి పోతే, దిగిన నీళ్లు చూడటానికి ఇంకోసారి పోండి. మొదటిసారి మీకు జలాశయం కనబడుతుంది, రెండోసారి జిల్లా కనబడుతుంది.

*

ప్రమాదాల గురించి చెప్పకుండా ఈ భాగం ముగించలేను.

2019 సెప్టెంబరు 15న గోదావరిలో పాపికొండలకు పోతూ కచ్చులూరు దగ్గర బోటు మునిగింది. నది వరదలో ఉన్న రోజది. యాభై మంది దాకా పోయారు. దేశమంతా మాట్లాడింది. మాట్లాడాల్సిందే.

2007 జనవరిలో ఇదే శ్రీశైలం వెనుక జలాల్లో, నెహ్రూనగర్–మంచాలకట్ట మధ్య పడవ మునిగింది. అరవై మంది దాకా పోయారు. ఈ పేరు మీలో ఎంతమంది విన్నారు? వాళ్లు టూరిస్టులు కారు. అవతలి ఒడ్డుకు పోవాల్సిన ఊళ్ల జనం. నది ఇరుకుగా ఉన్నప్పుడు దాటగలిగిన చోట ఇప్పుడు జలాశయం అడ్డం పడింది. రోడ్డు మీద తిరిగిపోవాలంటే రోజంతా కావాలి. పుట్టిలోనో నాటు పడవలోనో ప్రాణం అరచేతిలో పెట్టుకుని దాటాలి. సోమశిల–సిద్ధేశ్వరం వంతెన కావాలని ఆ జనం అప్పటినుంచీ అడుగుతున్నారు. 2022 అక్టోబరులో కేంద్రం ఒప్పుకుంది. వెయ్యి కోట్ల పైచిలుకు అంచనా. వార్తల్లో పెద్ద అక్షరాలతో వచ్చింది ఏంటో తెలుసా? ఆ వంతెన మీద పర్యాటకుల కోసం అద్దాల నడకదారి ఉంటుందని! పోయిన ప్రాణాల పేరుమీద అడిగిన వంతెనను కూడా వ్యూపాయింటుగా అమ్మగలిగిన కాలం ఇది.

2024 నవంబరులో విజయవాడ పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలం పాతాళగంగకు సీప్లేన్ దింపి చూపించారు. అదే నెలలో సోమశిల–నల్లమల పర్యాటకానికి కేంద్రం 68 కోట్లు మంజూరు చేసింది. ఆరోగ్య, ఆధ్యాత్మిక విశ్రాంతి కేంద్రమట. గాలిలోంచి నీటి మీద వాలడానికి ఏర్పాటుంది, ఒడ్డున ధ్యానానికి ఏర్పాటుంది. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు బడికి, ఆస్పత్రికి, చుట్టాలింటికి పోయేవాళ్ల సంగతే ఇంకా ఎదురుచూపుల్లో ఉంది.

నాకు భయం వేసేది ఇక్కడే. డబ్బు వస్తోంది. రిసార్టులు వస్తాయి, రేపు హౌస్‌బోట్లు కూడా వస్తాయి. లైసెన్సులు ఎవరికి? టెండరు డిపాజిట్ కట్టగలిగినవాడికి. ఒడ్డున భూమి ఎవరిది అవుతుంది? ముందుగా కొని పెట్టుకున్నవాడిది. నిర్వాసిత వాడల పిల్లలకు దక్కేది గదులు ఊడ్చే పని, లగేజీ మోసే పని. మునిగినప్పుడు పట్టా లేదని పరిహారం ఇవ్వలేదు. తేలిన తర్వాత పెట్టుబడి లేదని వాటా ఇవ్వరు. నలభై ఏళ్ల తేడాతో ఒకే కుటుంబాన్ని రెండుసార్లు లెక్కలోంచి కొట్టేయడం కాదా ఇది?

అందుకే పర్యాటకం వద్దని నేను అనడం లేదు. ఈ నాలుగూ కావాలని అడుగుతున్నాను, మీరూ అడగండి.

ఒకటి. ఈ జలాశయంలో తిరిగే ప్రతి బోటు లైసెన్సులో, ఒడ్డున వచ్చే ప్రతి దుకాణంలో, గైడు ఉద్యోగంలో నిర్వాసిత కుటుంబాలకు మొదటి హక్కు ఉండాలి. ఆ హక్కులో భూమిలేని దళిత కుటుంబాలకు, జాలర్లకు, నల్లమల చెంచులకు విడిగా వాటా రాయాలి. విడిగా రాయకపోతే మళ్లీ పట్టాదారే నిర్వాసితుడవుతాడు.

రెండు. జీవో 98 దరఖాస్తుల లెక్క బయట పెట్టాలి. ఎందరు అడిగారు, ఎందరికి ఇచ్చారు, ఎందరు ఎదురుచూస్తూ చనిపోయారు. రెండు రాష్ట్రాలూ విడివిడిగా చెప్పాలి.

మూడు. సోమశిల రేవులో, పాతాళగంగ రేవులో మునిగిన ఊళ్లన్నిటి పేర్లతో బోర్డు పెట్టాలి. ఊరి పేరు పక్కనే దాని వాడల పేర్లు కూడా. టికెట్ కౌంటరు పక్కన, అందరికీ కనబడేలా.

నాలుగు. వంతెన పూర్తయ్యేదాకా ఊళ్ల జనం దాటే ప్రతి రేవులో సర్కారు మరబోటు, లైఫ్ జాకెట్లు ఉండాలి. టూరిస్టు లాంచీకి ఉన్న భద్రత కూలీ పడవకు ఎందుకుండదు?

*

ఇప్పుడు పిల్లలూ, మీ ప్రయాణం ఇలా పెట్టుకోండి.

నవంబరు గానీ డిసెంబరు మొదట్లో గానీ బయలుదేరండి. డిసెంబరు 6 ఎటూ అందరం కలుస్తాం కాబట్టి దానికి ముందో వెనకో చూసుకోండి. లాంచీ నడుస్తోందో లేదో ముందే కనుక్కోండి, నీరు చాలకపోతే రద్దవుతుంది. ఎక్కగానే లైఫ్ జాకెట్ వేసుకోండి. ఫొటో బాగా రాదని తీసేయొద్దు. ఎంతమంది ఎక్కాలో బోటు మీద రాసి ఉంటుంది, అంతకంటే ఒక్కరు ఎక్కువున్నా దిగిపోండి. డబ్బులు పోతే పోనీ.

సోమశిలలో ఆగిన సాయంత్రం ఏదైనా నిర్వాసిత కాలనీకి పోండి. పరిశోధకుల్లా ప్రశ్నల కాగితం పట్టుకుని పోవద్దు. కూర్చోండి, టీ ఇస్తే తాగండి. "అవ్వా, మీ ఊరు ఎక్కడుండె?" అని ఒక్క మాట అడగండి. తర్వాత వాళ్లే చెప్తారు. వాళ్లు ఒప్పుకుంటే రికార్డు చేసుకోండి. ఊరి పేరు, వాడ పేరు, బావి పేరు, చేను పేరు. 1981లో ఇరవై ఏళ్లున్నవాళ్లకు ఇప్పుడు అరవై దాటాయి. ఇంకో పదేళ్లకు అడగడానికి ఎవరూ మిగలరు. రాళ్లకు వేసినట్టు ఈ జ్ఞాపకాలకు నెంబర్లు వేయాల్సింది మీరే. అది మీ చదువులకు పనికొచ్చే పని కూడా. చరిత్ర, సోషియాలజీ, భూగోళం ఏది చదివినా సరే.

మళ్లీ ఏప్రిల్‌లోనో మేలోనో, నీరు దిగాక, ఆ అవ్వల్లో ఎవరికైనా ఓపిక ఉంటే వెంటబెట్టుకుని పోండి. ఎండ భరించలేనంత ఉంటుంది, తెల్లవారుజామున బయలుదేరండి, నీళ్ల సీసాలు ఎక్కువ పెట్టుకోండి. బురద పైకి ఆరినట్టుంటుంది, లోపల దిగబడుతుంది. తెలిసినవాళ్ల అడుగులోనే అడుగు వేయండి.

తమ్ముడూ, ముంపు మీద పిక్నిక్ ఏందని అడిగావు కదా. నువ్వు కూడా వాళ్లతో పో. నీకు ధర్నాలు తెలుసు, వాళ్లకు ఫోన్లో రికార్డింగులు తెలుసు. తిరిగొచ్చాక మీరు తెచ్చిన ఊళ్ల పేర్లు నాకు పంపండి. వచ్చే భాగాల్లో వరసగా వేస్తాను. సర్కారు బోర్డు పెట్టేదాకా మన బోర్డు ఇదే.

జై భీమ్.